రెండో లైను

"సెవెరీనా దచేవా ఇక బతికి ఉండకూడదు," అన్నాడు కల్నల్ గ్రుయ్చెవ్. అని, చేతిలో ఉన్న బనిత్సా రొట్టె ముక్కను నోట్లో కుక్కుకున్నాడు.

మనిషిని చంపమని చెబుతున్న నోరే నములుతోంది. జున్ను జిడ్డు అంటిన వేళ్ళను ఎదురుగా ఉన్న ఫైలుకి తుడుచుకున్నాడు. ఆ ఫైలు మీద సెవెరీనా ఫోటో ఉంది. ఏజెంట్ కర్దాం వెల్చెవ్ ఆ ఫైలుని తన వైపు లాక్కున్నాడు.

సోఫియాలో ఆ భవనం ముందు 'పాల ఉత్పత్తుల తనిఖీ కేంద్రం' అని బోర్డు ఉంటుంది. లోపల నడిచేది దేశ గూఢచారి విభాగం. బోర్డు అబద్ధమే గానీ, పులిసిన పాల కంపు మాత్రం నిజంగానే ఉంటుంది. ఎక్కణ్ణుంచి వస్తుందో ఇంతవరకూ ఏ గూఢచారీ కనిపెట్టలేదు.

"కారణం?" అడిగాడు కర్దాం.

కల్నల్ ఒక కాగితం ముందుకు తోశాడు. వార్నా రేవు నుంచి సెవెరీనా పంపిన కబురు. దాని మీద ఉన్నది ఒకే ఒక్క లైను.

*ఈ రోజు నుంచి నేను హోల్‌బెక్ మనిషిని.*

హోల్‌బెక్ ఏ దేశంవాడో ఎవరికీ తెలియదు. ఒక దేశపు రహస్యం కొని దాని శత్రువుకి అమ్మడం వాడి వ్యాపారం. నల్లసముద్రపు రేవులన్నిటిలోనూ వాడి ముఠా ఉంది. ఆ ముఠాలోకి సెవెరీనాను పంపింది ఈ కల్నలే.

"ఒక్క లైనేనా సార్?"

"ద్రోహానికి వ్యాసం రాయాలా ఏంటయ్యా? అందరూ ఒక్క లైనే రాస్తారు. నువ్వు మాత్రం? 'పరిస్థితి ప్రశాంతం' అనేగా పంపేది?"

"నా సంగతి వేరు. ప్లోవ్‌దివ్ మ్యాథ్స్ స్కూల్లో మేమిద్దరం ఒకే బెంచీ. టైమెంత అని అడిగితే గడియారం పుట్టుపూర్వోత్తరాలు చెప్పే మనిషి అది. ఒక్క లైనుతో ఊరుకోదు."

"అదే నేనూ అంటున్నా. అలాంటి మనిషి ఒక్క లైనుతో సరిపెట్టిందంటే మనతో మాటలు కూడా దండగనుకుందన్నమాట." కల్నల్ సొరుగులోంచి ఒక కలం తీశాడు. "ఇదిగో. క్యాప్ నొక్కితే సూది. గుచ్చితే గుండెపోటు."

కర్దాం క్యాప్ నొక్కాడు. సూది రాలేదు. సిరా వచ్చింది, చొక్కా నిండా.

"ఎవరి సరుకు సార్ ఇది?"

"మంత్రిగారి బావమరిది మందాలీవ్‌ది. ఇంకోటి ఇస్తాలే."

కలాలూ, గడియారాలూ, కబుర్లు పంపే ప్రోగ్రామూ, చివరికి టాయిలెట్ కాగితమూ అన్నీ మందాలీవే సరఫరా చేస్తాడు. వాటిలో ఏదీ పని చేసిన పాపాన పోలేదు. ఛీ, ఏం బతుకులో ఇవి!

"రేపు నికుల్‌డెన్ పండగ," అన్నాడు కల్నల్. "మధ్యాహ్నం చేపల విందు కాగానే హోల్‌బెక్ ఓడెక్కుతాడు. ఆమె కూడా వెళ్ళిపోతుంది. ఈలోగా కానిచ్చెయ్."

---

వార్నాలో ఆ సాయంత్రం సముద్రం బురద రంగులో ఉంది. హోటల్ వెనకవైపు చేపల తొట్టెల దగ్గర కర్దాం నిలబడ్డాడు. రబ్బరు బూట్లు, మాసిన టోపీ, జిగురుతో అంటించిన మీసం. మందాలీవ్ జిగురు. పై పెదవి భగ్గున మండుతోంది. పండగ విందుకి కార్ప్ చేపలు సరఫరా చేసే దోబ్రిచ్ ఊరి వ్యాపారి వేషం అది.

అద్దాల తలుపులోంచి లోపలి హాలు కనిపిస్తోంది. ఆకుపచ్చ మఖమలు గౌనులో సెవెరీనా. చెవులకి వేలాడే రాళ్ళు, భుజాల మీద బొచ్చు శాలువా. హాల్లో ఉన్న మగాళ్ళందరి మెడలూ ఆమె వైపే తిరిగి ఉన్నాయి. పక్కన సెంటు గుప్పుమనే హోల్‌బెక్. వాడు నోట్లో నానుతున్న చక్కెర బిళ్ళ బయటికి తీసి ఒళ్ళోని కుక్కపిల్లకి పెట్టాడు. అదే చేత్తో సెవెరీనా చెయ్యి నిమిరాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి కర్దాంకి ఒళ్ళు కంపరమెత్తింది.

తలుపు తీసి లోపలికి తల పెట్టాడు. "మేడమ్! రేపటి చేపలు వచ్చాయి. ఒకసారి చూసుకుంటారా?"

ఆమె విసుగ్గా లేచి బయటికొచ్చింది.

"సముద్రం మీద ఈ మంచు ఎప్పుడు విడుస్తుంది మేడమ్?" అన్నాడు. అది సంకేత వాక్యం.

"మా అత్తగారు ఊరెళ్ళాక," అంది. జవాబు సరిపోయింది. మరుక్షణం గొంతు తగ్గించి మీద పడింది. "ఒరేయ్ కర్దాం! ఆ మీసమేంట్రా, చచ్చిన ఎలకని అంటించుకున్నట్టు! ఇంత ఆలస్యమా? మిగతావాళ్ళేరీ?"

"మిగతావాళ్ళెవరు?"

"మనుషుల్ని పంపమని రాశాగా!"

"నువ్వు రాసింది ఒక్క ముక్క. హోల్‌బెక్ మనిషినయ్యానని."

కర్దాం జేబులోంచి కలం తీశాడు. సెవెరీనా దాని వైపు చూసింది. ఆ కలం దేనికో ఆమెకి తెలుసు. విభాగంలో చేరిన ప్రతివాడికీ తెలుసు.

"నన్ను చంపడానికొచ్చావా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు అతనికి. "అవును."

ఆమె ఏడవలేదు. తొట్టెలోకి తుపుక్కున ఉమ్మింది. "థూ! మీ ఆఫీసు మొహం మండ! అది మొదటి లైనురా వెధవా. 'ఈ రోజు నుంచి నేను హోల్‌బెక్ మనిషిని.' సరదాగా మొదలుపెట్టా. కింద రాశాను కదా, 'వాడు అలాగే నమ్మాడు, నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది' అని. దాని కింద రాశా, నావికాదళం కోడ్లున్న ఫిల్ము వాడి దగ్గరుందని. ఓడలో ఇనప్పెట్టెలో పెట్టాడు. నికుల్‌డెన్ విందులో, కొనేవాడికి చూపించడానికి మాత్రమే బయటికి తీస్తాడు. ఫిల్ము దాచిన వాడి సిగరెట్ పెట్టె లాంటిదే ఇంకోటి చేయించాను, మార్చేస్తా, మనుషుల్ని పంపండి అని కూడా రాశా. ప్రతి లైనుకీ ఎంటర్ కొట్టాను. చివర కంట్రోల్ డీ కొట్టి ముగించాను. ఇంకెలా రాయాలి? నా రక్తంతో రాయాలా?"

"పట్టుబడ్డాక ఎవరైనా ఇలాగే చెబుతారు సెవా."

"చెప్పరా, నేను నీతో ఎప్పుడు అబద్ధమాడాను? మీకు చదవడం రాదు. అంతే. స్తామెన్ గారు రాసింది మాత్రం చదివారా? రావద్దని రాస్తే అంతమందిని పంపారు!"

స్తామెన్ వాళ్ళిద్దరికీ పని నేర్పిన గురువు. పోయిన వసంతంలో హోల్‌బెక్ ముఠా దాక్కున్న ఒక ఇంటి మీద నిఘా పెట్టాడు. అతని కబురు నమ్మి లోపలికెళ్ళిన ఏజెంట్లు మందుపాతర పేలి చచ్చిపోయారు. వాళ్ళని ఆపడానికి పరిగెత్తిన స్తామెన్ కూడా పోయాడు. సొంత మనుషుల్నే చావుకి పంపాడని విభాగం అతని పేరు కొట్టేసింది.

"రావద్దని ఎక్కడ రాశాడు?" అన్నాడు కర్దాం. "'ఇల్లు ఖాళీగా ఉంది' అని రాశాడు. నేను కళ్ళారా చూశాను ఆ కాగితం."

"అది మొదటి లైను! రెండోది? 'ఖాళీగా కనిపించేట్టు చేశారు, మందుపాతర ఉంది, ఎవరినీ పంపొద్దు' అని. పక్కన కూర్చుని చూశాను. పైకి చదివి వినిపించాడు కూడా. ఆ వెంటనే నన్ను ఈ ముఠాలోకి తోసేశారు, నన్నడిగినవాడే లేడు."

కర్దాం కలం కిందికి దించాడు. ఆ కాగితం మీద రెండో లైను లేదు. సెవెరీనా కాగితం మీదా లేదు. ఆ మాటకొస్తే, ఇన్నేళ్ళలో విభాగంలో ఎవరి కాగితం మీదా రెండో లైను చూసిన గుర్తు లేదు.

"రేపు మధ్యాహ్నం దాకా చావకుండా ఉండు," అన్నాడు కలం జేబులో పెట్టుకుంటూ.

"నీ దయ," అంది ఆమె. శాలువా సర్దుకుని, మొహాన నవ్వు పులుముకుని లోపలికెళ్ళిపోయింది.

---

వార్నాలో విభాగం టెర్మినల్ ఒక డ్రైక్లీనింగ్ కొట్టు వెనక గదిలో ఉంటుంది. ఆవిరికి ఉడికిపోయిన కోట్ల మధ్య కర్దాం కూర్చున్నాడు. సోఫియాకి మూడు లైన్లు కొట్టాడు.

*చేపలు బాగున్నాయి.*
*కల్నల్ గ్రుయ్చెవ్ అడ్డగాడిద.*
*ఇది చదివిన వెంటనే నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి.*

తర్వాత సోఫియాలో కబుర్లు అందుకునే త్సొన్కా గారికి ఫోన్ చేశాడు.

"వచ్చింది నాయనా. చేపలు బాగున్నాయట. మాకూ ఓ రెండు పట్రాకూడదూ?"

"దాని కింద ఏముంది త్సొన్కా గారూ?"

"కిందేముంటుంది? ఖాళీ."

కర్దాం ప్రోగ్రాం తెరిచి చూశాడు. పైన మందాలీవ్ తన పేరు నక్షత్రాల గుర్తుల మధ్య పెళ్ళి శుభలేఖలా వేసుకున్నాడు. కింద అసలు పని చేసేది మాత్రం నాలుగు ముక్కలు. కీబోర్డు నుంచి ఒక లైను చదువు. పంపు. మూసెయ్. అంతే!

మనిషి ఎన్ని లైన్లు కొడితే అన్నీ కీబోర్డు గుమ్మం దగ్గర వరసగా నిలబడతాయి. ఇంకా ఎవరైనా ఉన్నారా అని ప్రోగ్రామే మళ్ళీ మళ్ళీ అడిగి, ఎవరూ లేరని తేలేదాకా లోపలికి పిలుచుకోవాలి. దాన్నే లూప్ అంటారు. మందాలీవ్ ఆ లూప్ పెట్టలేదు. అతిథులు నలుగురు గుమ్మంలో నిలబడితే మొదటివాడు లోపలికి రాగానే తలుపేసుకున్నట్టుంది యవ్వారం. మిగతా లైన్లు గుమ్మంలోనే చస్తాయి. పంపినవాడికి తెలియదు, అందుకున్నవాడికీ తెలియదు.

ప్లోవ్‌దివ్ స్కూల్లో ఇలాంటిది రాస్తే మాస్టారు చెవి మెలిపెట్టి గోడకి నిలబెట్టేవాడు. ఇక్కడ దానికి ప్రభుత్వం డబ్బిచ్చింది! ఇన్నాళ్ళూ బయటపడలేదంటే కారణం ఒకటే. 'పరిస్థితి ప్రశాంతం' అని రాసి పడుకునే సోమరిపోతులకి రెండో లైనుతో పనేముంది? ఒళ్ళు దగ్గర పెట్టుకుని వివరంగా రాసినవాళ్ళే బలైపోయారు. స్తామెన్ అలాగే పోయాడు. కర్దాం లేచి వెళ్ళి చల్లటి నీళ్ళతో మొహం కడుక్కున్నాడు.

ఆ ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చే హక్కు మందాలీవ్‌కి తప్ప ఎవరికీ లేదు. దానికి మాత్రం తాళం గట్టిగానే వేసుకున్నాడు దరిద్రుడు.

కల్నల్‌కి ఫోన్ కలిసింది. అంతా విన్నాడు.

"సాక్ష్యమేంటయ్యా?"

"రెండో లైనులో మిమ్మల్ని ఒక మాట అన్నాను సార్. త్సొన్కా గారిని అడగండి, అందిందేమో."

"ఏమన్నావ్?"

"అందలేదు కదా. అదే సాక్ష్యం."

కల్నల్ ఏదో మింగిన చప్పుడు. "సరే, ఉత్తర్వు రద్దు చేస్తున్నా. పొద్దున్నే మంత్రిగారి సంతకం కాగానే క్రూమ్‌కి కూడా రద్దు పంపేస్తా."

"క్రూమ్‌కా? ఎందుకు?"

"క్లాస్‌మేట్‌వి కదా, మెత్తబడతావేమోనని వాడిని కూడా పంపాను. ఫోన్‌లో దొరకడు. గడియారం మీదకే పంపాలి."

విభాగం గడియారాల్లో చిన్న తెర ఉంటుంది. సోఫియాలో ఇదే ప్రోగ్రాంతో కొట్టిన ఉత్తర్వు దాని మీద పడుతుంది.

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటా. ఒకే లైనులో రాయండి."

"చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పకయ్యా. ఒకే లైను. అలాగే."

---

మర్నాడు హోటల్ వంటింట్లో ఎక్కడ చూసినా చేప పొలుసులే. వంటవాళ్ళు కార్ప్‌ల కడుపుల్లో అక్రోటు, ఉల్లిపాయ కూరి పొయ్యిల్లో పెడుతున్నారు. కర్దాం ఖాళీ బుట్టలు సర్దుతున్నట్టు నటిస్తూ హాల్లోకి చూస్తున్నాడు. పెద్ద బల్ల దగ్గర హోల్‌బెక్, వాడి పక్కన సెవెరీనా, ఎదురుగా ఫిల్ము కొనడానికొచ్చిన బట్టతల పెద్దమనిషి.

వెయిటర్ వేషంలో వెడల్పాటి భుజాల కుర్రాడొకడు వెండి మూత ఉన్న పళ్ళెం పట్టుకొచ్చాడు. క్రూమ్.

"ఏం తమ్ముడూ, కబురందిందా?" కర్దాం నవ్వుతూ అడిగాడు.

"ఇప్పుడే అందింది అన్నా," అన్నాడు క్రూమ్. మూత కొంచెం ఎత్తి చూపించాడు. చేప పక్కన సైలెన్సర్ బిగించిన పిస్తోలు ఉంది.

కర్దాం నవ్వు ఎగిరిపోయింది. "ఇదేంట్రా? రద్దయింది కదా!"

"రద్దేంటన్నా? ఇదిగో చూడు." క్రూమ్ చొక్కా చెయ్యి పైకి లాగి గడియారం చూపించాడు. తెర మీద ఒక్క లైను మెరుస్తోంది.

*విషయం: సెవెరీనా దచేవాను హతమార్చు ఉత్తర్వు.*

"ముందే చెప్పారు. మళ్ళీ ఇప్పుడు గుర్తు చేశారు. పైవాళ్ళకి తొందరగా ఉన్నట్టుంది."

"నా మాట విను. అది రద్దు. నిన్ననే కల్నల్ నాతో చెప్పాడు."

"రాతలో ఉందా?"

"లేదు. నా నోటిమాట."

"నువ్వు అడ్డొస్తావని ముందే చెప్పారన్నా. వస్తే నీ పని కూడా పట్టమన్నారు. నువ్వంటే నాకు గౌరవం. పక్కకి తప్పుకో." క్రూమ్ మూత వేసి, వినయంగా తల వంచి హాల్లోకి నడిచాడు.

మీద పడి ఆపితే? పిస్తోలు పేలుతుంది. హోల్‌బెక్ మనుషులు హాలు నిండా ఉన్నారు. సెవెరీనాని వాళ్ళే పేల్చేస్తారు. ఆపగలిగేది ఒక్కటే, ఆ గడియారం.

సరిగ్గా అప్పుడే మతగురువు లేచి పుస్తకం తెరిచాడు. నికుల్‌డెన్ నాడు చేపకి దీవెన పడందే ఎవరూ ముద్ద ముట్టరు. పళ్ళాలు పట్టుకున్నవాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడ నిలబడాల్సిందే. క్రూమ్ సెవెరీనా కుర్చీ వెనక్కి వెళ్ళి ఆగాడు. ధూపం లేచింది. కర్దాం దేవుణ్ణి నమ్మడు. అయినా ఆ గురువుకి గొంతు బాగుండాలని, దీవెన పొడుగ్గా సాగాలని మొక్కుకున్నాడు.

వంటింటి ఫోన్ అందుకున్నాడు. కల్నల్ భోజనానికి కూర్చున్నాడట. త్సొన్కా గారు పిలుచుకొచ్చేసరికి గురువు సగం దీవెన చదివేశాడు.

"ఏంటయ్యా మళ్ళీ? నువ్వు చెప్పినట్టే ఒకే లైను రాశాను. 'పై ఉత్తర్వు రద్దు చేయడమైనది' అని."

"దాని పైన ఏం రాశారు?"

"పైన ఏముంటుంది? విషయం."

"విషయంలో?"

"ఏ ఉత్తర్వు రద్దు చేస్తున్నామో అది రాయాలి కదా. 'సెవెరీనా దచేవాను హతమార్చు ఉత్తర్వు' అని."

"అది లైను కాదా సార్!"

"అది లైనెలా అవుతుందయ్యా?" కల్నల్‌కి నిజంగానే అర్థం కాలేదు. "అది విషయం!"

కర్దాంకి అతని గొంతు ఫోన్లోంచే పిసకాలనిపించింది. హాల్లో గురువు పేజీ తిప్పాడు. హోల్‌బెక్ ఓపిక లేక జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. సెవెరీనా శాలువా జారినట్టు జార్చి దాని మీదకి వంగింది.

"సార్, ఆమె చచ్చిపోతుంది. విషయం తీసేసి, 'చంపొద్దు' అని ఒక్క మాట కొట్టండి."

"విషయం లేకుండా ఉత్తర్వా? చెల్లదు. అయినా ఇక్కణ్ణుంచి పోయే ఉత్తర్వుకి మొదట ఆ మాట లేకపోతే మెషీనే తీసుకోదు. మందాలీవ్ అలా పెట్టాడు."

లూప్ పెట్టడం మర్చిపోయిన మహానుభావుడు ఇది మాత్రం మర్చిపోలేదు. థూ! నాలిక చివరిదాకా వచ్చిన బూతుని కర్దాం మింగేశాడు.

"అయితే కొత్త ఉత్తర్వు ఇవ్వండి సార్. కొత్త విషయం. రాసుకోండి. 'విషయం: సెవెరీనా దచేవాను ప్రాణాలతో సోఫియాకు తీసుకురావడం.'"

"ఆఁ, అదైతే పద్ధతిగా ఉంది," అన్నాడు కల్నల్. కుర్చీ కిర్రుమంది. రెండు వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టాడు. టక్. టక్. "దాని కింద ఏం రాయమంటావ్?"

"కింద మీ ఇష్టం! ఎవడూ చదవడు! ఎంటర్ కొట్టండి సార్, ఎంటర్!"

హాల్లో గురువు పుస్తకం మూశాడు. "ఆమెన్," అన్నారందరూ. కుర్చీలు జరిగాయి. క్రూమ్ పళ్ళెం బల్లకి ఆనించి, మూత ఎత్తాడు. చెయ్యి చేప పక్కకి పోయింది.

చొక్కా చేతి కింద గడియారం బుర్రుమంది.

క్రూమ్ ఆగాడు. క్రమశిక్షణ ఉన్న కుర్రాడు. కబురొస్తే చూడందే పని ముట్టడు. మణికట్టు తిప్పి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ చూశాడు.

"ముల్లు జాగ్రత్త మేడమ్," అన్నాడు సెవెరీనాతో. మరుక్షణం పిస్తోలు తీసి హోల్‌బెక్ నుదుటికి ఆనించాడు. "అయ్యా, ఎవరూ కదలొద్దు. ఈవిడని ప్రాణాలతో తీసుకెళ్ళమని నాకు రాతలో ఉంది."

కుక్కపిల్ల కుయ్యోమంటూ బల్ల కిందకి దూరింది. హోల్‌బెక్ చేతులెత్తాడు, తర్వాత వాడి మనుషులూ ఎత్తారు. సెవెరీనా శాలువా విదిలించి లేచింది. కోడ్లున్న పెట్టె అప్పటికే ఆమె గౌను మడతల్లో ఉంది.

వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన కర్దాంని చూసి, ఆమె ముందు చేసిన పని ఒకటే. చెయ్యి చాచి ఆ మీసం పీకి పారేసింది.

---

స్టేషన్‌లో రైలెక్కే ముందు కల్నల్‌తో ఫోన్ కలిసింది. ఆయన చాలా హుషారుగా ఉన్నాడు.

"కర్దాం! కోడ్లు దొరికాయి, వాడూ దొరికాడు. ఆ ప్రోగ్రాం సంగతి కూడా మంత్రిగారితో మాట్లాడి తేల్చేశాం."

"లూప్ పెట్టించారా సార్?"

"లూప్ ఎందుకయ్యా? ఇకనుంచి ఎవరూ రెండో లైను రాయకూడదని ఉత్తర్వు ఇచ్చాం. మందాలీవే సలహా ఇచ్చాడు. బుర్ర ఉన్నవాడు!"

సెవెరీనా ఫోన్ లాక్కుంది. "మరి స్తామెన్ గారి సంగతి? ఆయన రావద్దనే రాశాడు. పేరు తిరిగి ఎక్కిస్తారా, ఎక్కించరా?"

"చూద్దాం లేమ్మా. పాతవన్నీ తవ్వుకుంటే ఎలా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. సోఫియా టికెట్లు చింపేసి రూసే రైలుకి కొనుక్కొచ్చింది. క్రూమ్ గడియారం చూపించి గొణిగాడు. "ప్రాణాలతో తీసుకురమ్మన్నారుగానీ, ఏ దారిన అని రాయలేదు కదా నాయనా," అంది. వాడు కాసేపు ఆలోచించి వెనకే ఎక్కాడు.

రూసేలో, దునావ్ నది ఒడ్డున ఒక పాత అపార్ట్‌మెంటు. స్తామెన్ భార్య దోబ్రీనా గొలుసు తీయకుండా తలుపు కొంచెం తెరిచింది. కర్దాంని గుర్తుపట్టింది.

"ఆఫీసువాళ్ళా? మళ్ళీ ఏం తీసుకుపోవడానికొచ్చారు? మనుషుల్ని చంపించినవాడి పెళ్ళాన్నని ఈ మెట్ల మీద నాతో ఎవరూ మాట్లాడరు. ఇంకేం మిగిలిందని?"

"తీసుకుపోవడానికి కాదు వదినా," అంది సెవెరీనా. మఖమలు గౌను మీద చేపల వాసన ఇంకా పోలేదు. "ఆయన రాసింది సగమే అందింది. మిగతాది చెప్పడానికొచ్చాం. 'ఇల్లు ఖాళీగా ఉంది' అన్నది మొదటి లైను. రెండోది, 'ఖాళీగా కనిపించేట్టు చేశారు, మందుపాతర ఉంది, ఎవరినీ పంపొద్దు' అని. నా పక్కనే కూర్చుని కొట్టాడు. పిచ్చి మెషీను మింగేసింది. ఆయన ఎవరినీ చంపించలేదు."

దోబ్రీనా గొలుసు తీసింది. చలికోటు అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆయన ఎప్పుడూ అంతే," అంది. "పెళ్ళికి ముందు ఈ నది ఒడ్డునే నన్ను నిలబెట్టి, 'నువ్వంటే నాకిష్టం కాదు' అన్నాడు. చెంప పగలగొడదామనుకున్నా. ఏమనుకున్నానో ఆగాను. అప్పుడన్నాడు, 'ప్రాణం' అని."

ఆమె తలుపు పూర్తిగా తెరిచి ముగ్గురి మొహాల్లోకీ చూసింది.

"అప్పటికి పద్దెనిమిదేళ్ళ పిల్లని, నేను ఆగాను. అంత పెద్ద ఆఫీసులో రెండో మాట కోసం ఆగేవాడు ఒక్కడూ లేకపోయాడా నాయనా?"